కొండ కట్టుకున్న చదువుల ఇల్లు

రాయగడ స్టేషన్లో హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి ఇంకా మసక చీకటే. టీ కొట్టు చుట్టూ తెలుగూ ఒడియా కువీ కలిసి చలి కాచుకుంటుంటాయి. మా ఊళ్లో అంతే. ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట, సంతలో ఇంకో మాట. మూడూ నోట్లో పెట్టుకునే పెరుగుతాం. బండి కదులుతుంది. నాగావళి వెనకబడుతుంది. కాసేపటికి కొండలు కిటికీ దగ్గరికొచ్చేస్తాయి, సొరంగాలు మొదలవుతాయి. చీకటి, వెలుగు, లోయ. మళ్లీ చీకటి, మళ్లీ లోయ. టికిరి, లక్ష్మీపూర్ రోడ్, కాకిరిగుమ్మ, దామన్‌జోడి. కోరాపుట్‌లో దిగేసరికి సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటాం. అక్కడ మబ్బు మనిషి భుజం మీద చెయ్యేసి నడుస్తుంది. ఆపైన సునాబెడాకి రోడ్డు దారి.

ఈ దారిన ఎన్నిసార్లు వచ్చానో లెక్క పెట్టుకోలేదు. వచ్చిన ప్రతిసారీ పని ఒకటే. ఒక ఇల్లు లేస్తుంటే నిలబడి చూడటం. అది నాది కాదు, నా బంధువులదీ కాదు. అయినా సొంతింటికి పునాది తీసినవాడిలా, శ్లాబు పడిందా, కిటికీలు బిగించారా అని మనసు పీకుతూనే ఉంటుంది. ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం దాని పేరు. అందులో తరగతి గదులున్నాయి, ప్రయోగశాలలున్నాయి. అన్నిటికన్నా నా కళ్లు ముందు వెతికేది పుస్తకాల గదిని.

ముందుగా నేలకి దండం.

సునా అంటే బంగారం. బెడా అంటే ఇక్కడి రైతు నోట పొలం. పేరులో బంగారం ఉన్నా మట్టి మాత్రం ఎర్రన. నాలుగు చినుకులు పడితే చెప్పులకి అంటుకుని ఇంటి గడప దాకా వెంట వస్తుంది. ఈ మట్టి దగ్గర చెయ్యి చాపినవాళ్లు చాలామంది. 1960లలో బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం ఈ కొండల్ని తొలుచుకుంటూ పోయింది. ఆ దశాబ్దంలోనే సునాబెడాలో మిగ్ విమానాలకి ఇంజన్లు చేసే కర్మాగారం వెలిసింది. 1980లలో దామన్‌జోడికి నాల్కో వచ్చింది, పంచపట్మలి కొండ నెత్తిన ఉన్న బాక్సైటు అల్యూమినాగా మారి బయటి దేశాలకి ఓడలెక్కింది. కొండ ఇచ్చింది. అడిగిన ప్రతివాడికీ ఇచ్చింది. వచ్చిన వ్యాగన్లు నిండుగా కిందికి దిగాయి, ఖాళీగా పైకొచ్చాయి.

ఇన్నాళ్లకి కొండమీదే ఉండిపోవడానికి ఒకటి వచ్చింది. 2009లో పార్లమెంటు చేసిన కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టంతో ఒడిశా వాటాగా కోరాపుట్‌కి ఒక విశ్వవిద్యాలయం దక్కింది. భువనేశ్వర్‌కి కాదు, కటక్‌కి కాదు, కోరాపుట్‌కి. ఆ ఏడాది ఆగస్టు 29న లాండిగుడలోని తాత్కాలిక ఆవరణలో పని మొదలైంది. ఆపైన సునాబెడాలో 400 ఎకరాలకు పైబడిన స్థలంలో సొంత గోడలు లేవడం మొదలెట్టాయి.

ఆగస్టు 29. తెలుగువాళ్లం ఈ తేదీ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అది గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు, మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే రోజు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, కొండ దిగి వచ్చిన సవరల మాట విని, ఆ మాట నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకి బడులు పెట్టి, వాళ్ల భాషకి వ్యాకరణం రాసిన మనిషి ఆయన. ఆ వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. కొండజాతుల నోటిమాటకి పుస్తకంలో పీట వేసిన తెలుగువాడు పుట్టిన తేదీనే, కొండజాతుల నడుమ ఒక విశ్వవిద్యాలయం కళ్లు తెరిచింది. ఎవరూ ముహూర్తం పెట్టి కలిపింది కాదు. అయినా కలిసింది.

చేతులకి దండం.

మొదట నేల మీద ముగ్గుపిండి గీతలు. వాటి మూలల్లో మేకులు, మేకుల మధ్య బిగించిన దారం. పెళ్లి మండపానికి కొలత తీసినట్టుంటుంది. తర్వాత గుంటలు. గుంటల్లో ఇనుప చువ్వల బుట్టలు. చువ్వకీ చువ్వకీ సన్నతీగ చుట్టి కొక్కెంతో మెలిపెట్టే కుర్రాడి మణికట్టు చూస్తూ ఒక పూట గడిపేశాను. రెండు తిప్పులు, ఒక లాగు. మల్లెమాల కట్టే చేతికీ ఆ చేతికీ నాకు తేడా కనపడలేదు. సరుగుడు బాదులతో పరంజా లేచింది. పరంజా మీద ఇటుకలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎగిరాయి. తట్ట నెత్తిన పెట్టుకుని మెట్ల చెక్క ఎక్కే ఆడవాళ్లు నడుము ఎక్కడా తూలనివ్వలేదు. కాలి వెండికడియం సిమెంటు పట్టి బూడిదరంగుకి తిరిగింది.

మేస్త్రిది శ్రీకాకుళం వైపు. నన్ను తరచూ చూసి గుర్తుపట్టాడు.

"ఏటి బావూ, మళ్లీ వచ్చినారు? ఈ బిల్డింగు మీదేటి?"

"అందరిదీ మేస్త్రీ. మీదీ నాదీ."

చెయ్యి ఆపలేదాయన. గోడ పక్కన తూకపు గుండు వదిలాడు. దారం చివర ఇత్తడి గుండు ఊగి, ఊగి, నిలకడకొచ్చింది. ఒక కన్ను మూసి చూశాడు. ఒక ఇటుకని తాపీ పిడితో రెండు దెబ్బలు కొట్టి లోపలికి నెట్టాడు.

"గుండు అబద్ధమాడదు బావూ. రాజుగారి గోడైనా, కూలోడి గోడైనా ఒకటే. వాలితే సెప్పెస్తాది."

నాకు ఆ రోజే ఆ విశ్వవిద్యాలయంలో మొదటి పాఠం అయిపోయింది. బ్లాక్‌బోర్డు ఇంకా రాలేదు, పాఠం మాత్రం గోడ మీద వేలాడుతోంది. ఎవరిదని చూడకుండా, వాలిందా లేదా అని మాత్రమే చెప్పేది ఏదో అదే చదువు. ఓ ఇత్తడి గుండూ, రేపు ఈ గదుల్లో కూర్చోబోయే ప్రతి పిల్లవాడి బుద్ధి పక్కనా ఒక్కసారి వేలాడు. నీకు దండం.

నీళ్లకి దండం.

కోరాపుట్ వాన తెలిసినవాళ్లకి తెలుసు, అది అతిథిలా రాదు, అత్తారిలా వచ్చి నాలుగు నెలలు ఉంటుంది. జూన్ నుంచి గుంటల్లో నీళ్లు, ఇసుక కుప్ప మీద టార్పాలిన్, రేకుల షెడ్డు కింద ఎదురుచూపు. వాన వెలిశాక శ్లాబు పడిన రోజు ఆవరణలో జాతర వాతావరణం. కాంక్రీటు కలిపే మిల్లరు తెల్లవారుజాము నుంచి తిరుగుతూనే ఉంది, మధ్యలో ఆపకూడదు కదా. ఆపితే అతుకు పడుతుంది, అతుకు దగ్గర రేపు నీళ్లు కారతాయి. చీకటి పడ్డాక కూడా దీపాల కింద తట్టలు నడిచాయి. చివరి తట్ట ఒలికాక అందరూ ఒక్కసారిగా కూర్చుండిపోయారు.

మర్నాటి నుంచి నీళ్లు పెట్టడం. కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందని బయటివాళ్లం అనుకుంటాం. కాదు. తడిలోనే గట్టిపడుతుంది. తొందరపడి ఎండనిస్తే పగుళ్లిస్తుంది. స్తంభాలకి గోనెపట్టాలు చుట్టి, శ్లాబు మీద ఇసుకతో మళ్లు కట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు. పసిబిడ్డకి జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చినట్టు. పిల్లల్ని పెంచడం గురించీ, చదువు చెప్పడం గురించీ దీనికన్నా పెద్ద మాట నాకు తెలియదు.

ఆ నీళ్లు పెట్టే పని ఒక పెద్దావిడ చేసేది. పైపు పట్టుకుని శ్లాబు కింద పొడుగాటి హాల్లోకి వచ్చింది. గోడలు దళసరి, కిటికీలు ఎత్తున, లోపల చల్లన. తల పైకెత్తి నాలుగు మూలలా చూసి నన్ను ఇక్కడి దేశియా మాటలో అడిగింది. ఇంత పెద్ద గదిలో ఏం పోస్తారని. పోస్తారని అడిగింది, పెడతారని కాదు. ఆమె కళ్లకి అది గాదె.

"పుస్తకాలు పెడతారమ్మా" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత అడిగిన మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "అన్నీ తినేస్తారా? విత్తనానికి ఉంచుతారా?"

విత్తనం విలువ తెలిసిన గడ్డ ఇది. జయపురం చుట్టుపక్కల మన దేశపు వరివంగడాలు వందల రకాలుగా చీలి పెరిగిన చోటని శాస్త్రవేత్తలు చెబుతారు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో ఒకటిగా 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ గుర్తించింది. జయపురం దగ్గర పాత్రపుట్ పల్లెకి చెందిన కమలా పూజారి ఇల్లిల్లూ తిరిగి, కనుమరుగైపోతున్న దేశవాళీ వడ్లని గుప్పెడు గుప్పెడు చేర్చి కాపాడింది. 2019లో పద్మశ్రీ అందుకుంది. 2024 జూలైలో కన్నుమూసింది. బడి మెట్లెక్కి డిగ్రీలు పుచ్చుకున్న మనిషి కాదు. ఏ గింజ ఏ నేలకి, ఏ వానకి, ఏ పండగకి అన్న లెక్క అంతా ఆమె తలలో ఉండేది. ఆ తల ఒక గ్రంథాలయం. గింజ మొలకెత్తాలంటే మళ్లీ మళ్లీ మట్టిలో పడాలి, గడ్డిపురిలో దాచి ఊరుకుంటే నాలుగేళ్లకి చచ్చిపోతుంది. పుస్తకమూ అంతే. పెద్దావిడ అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇన్నాళ్లకి దొరికింది. ఉంచుతాం అమ్మా. ఉంచి, ఏటేటా చల్లుతాం.

అరలకి దండం.

ఇనుప అరలు వరసలుగా నిలబడ్డాక, ఇంకా పుస్తకాలు రాకముందు, ఆ హాల్లో ఒకసారి మాట్లాడి చూడండి. మాట తిరిగొస్తుంది. ఖాళీ అరలు మాటని మింగవు, తిప్పి పంపుతాయి. పుస్తకాలు చేరేకొద్దీ ప్రతిధ్వని తగ్గుతుంది. ఆఖరికి గది నిశ్శబ్దమవుతుంది. అది ఉలుకూ పలుకూ లేని నిశ్శబ్దం కాదు, వెయ్యి గొంతులు తమ వంతు కోసం ఓపిగ్గా కూర్చున్న నిశ్శబ్దం.

ఏ గొంతులవి? పాత కోరాపుట్ జిల్లా 1992లో కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి అని నాలుగైంది. ఆ నాలుగింటి సంతల్లో తిరిగితే మూడు భాషాకుటుంబాలు ఒకే తక్కెడ దగ్గర బేరమాడుతుంటాయి. సవర, గుతోబ్, బోండా ముండా కుటుంబానివి. దేశియా, ఒడియా ఆర్యభాషలు. కువి, కుయి ద్రావిడాలు. కువిలో ఇంటిని ఇలు అంటారు, కంటిని కన్ను అనే అంటారు. మొదటిసారి నియమగిరి వైపు నుంచి దిగిన ఒక అవ్వ నోట ఇలు అన్న మాట విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మనం కొండ దిగి మైదానానికి వెళ్లిపోయాం, వాళ్లు కొండమీదే ఉండిపోయారు, ఇంటి పేరు మాత్రం ఇద్దరమూ మార్చుకోలేదు.

ఈ గొంతుల్లో కొన్నిటికి అక్షరం ఉంది. గుణుపురం వైపు సవర పల్లెల్లో మంగెయి గొమాంగో 1936లో సవరకి 24 అక్షరాల లిపి తీర్చాడు. ఆ అక్షరాల్ని దేవుళ్లుగా నిలబెట్టి గుడి కట్టి కొలుస్తారు అక్కడ. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరి కంప్యూటర్ తెర మీదికొచ్చింది. ఇంకొన్ని గొంతులకి ఎదుటివాడి కలం దొరికింది. ఈ జిల్లాలో ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్లు కొండవాళ్ల నెగళ్ల పక్కన కూర్చున్న గోపీనాథ్ మొహంతి 1945లో 'పరజా' రాశాడు, కంధ తెగ మీద రాసిన 'అమృతర సంతాన' నవలకి 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మిగిలిన చాలా గొంతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఒక ముసలాయన పోతే వంద పాటలు, ఒక అవ్వ పోతే యాభై మందుమొక్కల పేర్లు ఆయనతో, ఆవిడతో పోతున్నాయి. ఓ అరలారా, మీలో కొన్నిటిని ఖాళీగా ఉంచండి. ఇంకా రాయని పుస్తకాలకి అవి రిజర్వు. తట్ట మోసిన తల్లి బిడ్డ ఒకనాడు ఈ మెట్లెక్కి, తన భాషలో తన పేరుతో ఉన్న పుస్తకాన్ని తన చేత్తో ఆ ఖాళీలో పెట్టాలి. ఆ రోజే ఈ ఇంటికి గృహప్రవేశం.

ఇక బాకీ గురించి చెప్పాలి. దండాలు పెట్టి ఊరుకుంటే సరిపోదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా ఈ కొండలన్నీ మన విశాఖపట్నం జిల్లాలోవే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా దానికి ఉపకులపతి. వాల్తేరు గుట్ట మీద సైన్సు కళాశాల నిలబెట్టడానికి డబ్బు కావాల్సినప్పుడు చెయ్యి అందించినవాడు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ. తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం రాసిన రాజు. ఏటా లక్ష రూపాయలు ఇస్తానన్నాడు, ఇచ్చాడు. ఆ కళాశాలకి ఆయన పేరే పెట్టుకున్నాం. తరాల తరబడి తెలుగు పిల్లలు ఆ గోడల మధ్య భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి ఇంజనీర్లయ్యారు, శాస్త్రవేత్తలయ్యారు, సముద్రాలు దాటారు.

రాజు ఇచ్చాడు, నిజమే. రాజు ఖజానాలోకి ఆ లక్ష ఎక్కడి నుంచి వచ్చింది? ఈ కొండవాలు పొలాల శిస్తు నుంచి వచ్చింది. ఈ అడవి నుంచి వచ్చింది. తట్ట మోస్తున్న ఈ తల్లి తాత ముత్తాతలు కట్టిన పన్ను మన సైన్సు కళాశాలలో ఇటుకలుగా ఉంది. అంతేనా? 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైంది. ఈ కొండల నీళ్లు దుడుమ దగ్గర దూకి చేసిన కరెంటు కింద మైదానంలో దీపాలు వెలిగించింది. పరీక్షల ముందు రాత్రి మన పిల్లలు ఏ దీపం కింద చదివారో, ఆ దీపపు వత్తి ఇక్కడుంది. అప్పుడు ఈ కొండమీద ఊళ్లు చీకట్లో ఉన్నాయి. వాల్తేరు గుట్ట మీద విశ్వవిద్యాలయం వెలిశాక, ఇక్కడి వాళ్లు తమ గుట్ట మీద ఒకటి చూడటానికి దాదాపు 80 ఏళ్లు ఆగారు.

మనకి గ్రంథాలయం విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనది. కృష్ణా కాలువల మీద పడవల్లో పుస్తకాలు వేసుకుని రేవు రేవునా ఆగి ఇచ్చి వచ్చినవాళ్లం. ఊరికొక పఠనమందిరం ఉండాలని అయ్యంకి వెంకట రమణయ్య కాళ్లరిగేలా తిరిగితే, ఇంట్లో ఉన్న పుస్తకం తెచ్చి ఇచ్చినవాళ్లం. ఆ పడవ కొండెక్కలేదు. ఇప్పుడు ఎక్కాలి.

కొండ మనకి ఇటుక ఇచ్చింది, దీపం ఇచ్చింది. మనం పుస్తకం ఇద్దాం. అమ్మమ్మల ఇళ్లలో అటకమీద చెదలు పట్టబోతున్న గిడుగు రచనలుంటే పంపుదాం. కొండభాషల మీద తెలుగు పరిశోధకులు చేసిన నిఘంటువులు, వ్యాకరణాలు ఉంటే పంపుదాం. ఇంజనీరింగ్ ముగించిన పిల్లల పాఠ్యపుస్తకాలు కిలోల లెక్కన అమ్మేసే ముందు ఒక్కసారి ఈ అరల్ని తలుచుకుందాం. పాత్రపుట్‌లో కమలా పూజారి గడపగడపకీ వెళ్లి గుప్పెడు వడ్లు అడిగి తెచ్చుకుంది. ఈ అరల కోసం మన గడపకి ఎవరూ రాకముందే మనమే వెళ్దాం. పంపేవి ఏరి పంపుదాం, పనికిరానివి వదిలించుకునే చోటు కాదది. అవి చదివిన పిల్ల రేపు కువిలో రాస్తే, సవరలో రాస్తే, దేశియాలో రాస్తే, ఆ పుస్తకాన్ని మన ఊరి గ్రంథాలయంలోకి అడిగి తెచ్చుకుందాం. అప్పుడు ఇచ్చిపుచ్చుకోవడం అవుతుంది. చుట్టరికం అవుతుంది.

మొన్న వెళ్లినప్పుడు పరంజా విప్పేసి ఉంది. గోడల మీద బాదులు పెట్టిన బెజ్జాలు పూడ్చి, వాటి మీద రంగు వేశారు. మేస్త్రి ఇంకో ఊళ్లో ఇంకో గోడ దగ్గర ఉండి ఉంటాడు. నీళ్లు పెట్టిన పెద్దావిడ కనపడలేదు. పొడుగాటి హాల్లో కిటికీ పక్క బల్ల దగ్గర ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. బయట దేవమాలి కొండ వైపు నుంచి మబ్బు దిగుతోంది. పిల్ల తల ఎత్తలేదు. పుటలో వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుకుంటోంది. నేను చప్పుడు కాకుండా వెనక్కి తిరిగాను.

రాయగడ నుంచి పొద్దున్నే బండి ఉంది. మీరు వచ్చేటప్పుడు ఒక పుస్తకం పట్టుకు రండి.